విల్లీసా, ఫోర్డా? రెండో ప్రపంచ యుద్ధం నాటి జీపును అసలు రూపానికి తెచ్చుకునే దారి

జీపు విప్పిన మొదటి రోజే మా ఉస్తాద్ పాత బోల్టులన్నీ ఒక రేకు డబ్బాలో పోసి, "కాటాకి వేసెయ్యండి సార్, రాణిగంజ్‌లో కొత్తవి కిలోల లెక్కన దొరుకుతాయి" అన్నాడు. ఊరికే ఒకటి తీసి డీజిల్ గుడ్డతో తుడిచాను. మట్టీ గ్రీజూ పోయాక తల మీద చిన్న "ఎఫ్" అక్షరం తేలింది. ఇంకోటి తుడిచాను, దాని మీదా ఎఫ్. చీకటి పడేసరికి డబ్బాలో నలభై దాకా ఎఫ్ బోల్టులు తేలాయి. నాకు అమ్మినాయన "అసలు సిసలు విల్లీస్ అండీ" అని ఒట్టేసి అమ్మిన బండి నిజానికి ఫోర్డు. ఆ డబ్బా కాటాకి పోయుంటే ఆ సంగతి నాకు ఇంకో ఏడాదికి గానీ తెలిసేది కాదు.

కథ క్లుప్తంగా ఇది. 1940లో అమెరికా సైన్యం పావు టన్ను బరువు మోసే చిన్న బండి కావాలంది. మొదటి నమూనా బాంటమ్ అనే చిన్న కంపెనీది. పెద్ద ఆర్డరు విల్లీస్‌కి దక్కింది, ఆ బండి పేరు ఎంబీ. ఒక్క కంపెనీతో సరిపోదని విల్లీస్ డ్రాయింగులే ఫోర్డుకీ ఇచ్చారు, వాళ్లు కట్టింది జీపీడబ్ల్యూ. అందులో జీ అంటే ప్రభుత్వ కాంట్రాక్టు, పీ అంటే 80 అంగుళాల వీల్‌బేస్ (ముందు వెనక చక్రాల మధ్య దూరం), డబ్ల్యూ అంటే విల్లీస్ డిజైను. 1941 చివరి నుంచి 1945 దాకా ఇద్దరూ కలిసి 6 లక్షలకు పైగా తయారుచేశారు. ఫోర్డు వాళ్లు తమ సరుకు తమదని తెలిసేలా వీలున్న ప్రతి భాగం మీదా ఎఫ్ కొట్టారు. బర్మా యుద్ధం కోసం మన దేశానికి దిగినవాటిలో చాలా వాటిని యుద్ధం అయ్యాక మిగులు సామానుగా అమ్మేశారు. అవి ఎస్టేట్లకీ, రైస్ మిల్లులకీ, భూస్వాముల ఇళ్లకీ చేరి, డెబ్బై ఏళ్ల పాటు దొరికిన స్పేరుతో దొరికినట్టు నడిచాయి. ఇప్పుడు మనకు దొరికేది సగం ఫోర్డు, పావు విల్లీస్, మిగతాది మహీంద్రా. అందుకే నా వరస ఇది: ముందు చదవడం, తర్వాత విప్పడం, ఆఖర్న కొనడం. చాలామంది దీన్ని తలకిందులుగా చేసి, లక్షలు పోసి, మధ్యలో వదిలేస్తారు.

1. కొనేముందు జీపును చదవండి

మీ ముందున్నది యుద్ధం నాటి జీపా, తర్వాత వచ్చిన సివిల్ జీపా అన్నది తేల్చుకోండి. యుద్ధం జీపు ముందు జాలీలో మామూలుగా తొమ్మిది గళ్లుంటాయి, హెడ్‌లైట్లు జాలీ వెనకాల లోపలికి ఉంటాయి. సివిల్ మోడల్ సీజేలో ఏడు గళ్లు, లైట్లు బయటికి పొడుచుకొచ్చి ఉంటాయి. యుద్ధం జీపుకు వెనక తలుపు ఉండదు, అక్కడ స్టెపినీ బిగిస్తారు. పెట్రోలు ట్యాంకు డ్రైవరు సీటు కింద ఉంటుంది, సీటు ఎత్తి పోసుకోవాలి. సీజేకి మూత బాడీ పక్కన ఉంటుంది. బానెట్ ఎత్తుగా ఉంటే అది సీజే3బీ, మన ఊళ్లలో మహీంద్రా అనగానే గుర్తొచ్చే బండి. దాని బానెట్ కోసి కిందికి దించి, మిలిటరీ జీపని అమ్మేవాళ్లున్నారు. బానెట్ కిందికి తల పెట్టి డాష్‌బోర్డు అడుగునా ముందు గోడ మీదా వెల్డింగు గీతలు వెతకండి.

ఇక ఎంబీయా, జీపీడబ్ల్యూయా అన్నది. నేలమీద పడుకుని రేడియేటర్ కింద ఛాసీ అడ్డ పట్టీ చూడండి. గొట్టంలా గుండ్రంగా ఉంటే విల్లీస్, బోర్లించిన తొట్టిలా పలకలుగా ఉంటే ఫోర్డు. బాడీ, ఇంజిన్, జాలీ అన్నీ మారి ఉండొచ్చు గానీ ఛాసీ అబద్ధం చెప్పదు. ఫోర్డు నంబరు ఎడమ ఛాసీ పట్టీ పైభాగాన, ఇంజిన్ మౌంటింగు దగ్గర్లో నేరుగా ఇనుములోకి కొట్టి ఉంటుంది. రంగు పొరలు పోగొట్టాకే కనిపిస్తుంది. విల్లీస్‌ది ముందు బంపరు వెనక, ఎడమ పట్టీ లోపలివైపు రిబెట్లు కొట్టిన చిన్న పలక. ఆ పలక ఊడిపోయి రెండు రంధ్రాలే మిగలడం మామూలే.

ఇంజిన్ నంబరు ఆయిల్ ఫిల్టర్ వెనకాల బ్లాకు మీద ఉంటుంది. ఫోర్డుకు ఛాసీ నంబరూ ఇంజిన్ నంబరూ ఒకటే. విల్లీస్‌కి ఫ్యాక్టరీ నుంచే రెండూ వేరు. ఇది తెలియక నిఖార్సయిన విల్లీస్‌ని "నంబర్లు కలవట్లేదు" అని వదులుకున్నవాళ్లూ ఉన్నారు.

స్టీరింగ్ కూడా చూడండి. యుద్ధం జీపులు ఎడమ స్టీరింగ్. మన దగ్గర చాలావాటిని కుడికి మార్చారు. ముందు గోడ మీద ఎడమవైపు పాత రంధ్రాలు మూసిన రేకు ముక్కలు కనిపిస్తే, లోపల అసలు బాడీ ఉందని సంతోషించండి.

వీటన్నిటికంటే ముందు కాగితాలు. ఆర్సీలో ఉన్న నంబరు బండి మీద ఎక్కడుందో అమ్మేవాళ్ల ఎదుటే చూపించమనండి, కాగితం పెట్టి పెన్సిల్‌తో ముద్ర తీసుకోండి. పాత ఆర్సీల్లో ఛాసీ నంబరు గడిలో ఇంజిన్ నంబరు రాసి ఉండటం తరచూ కనిపిస్తుంది. అలాంటిది రవాణా శాఖ ఆఫీసులో సర్దుకునే దారేదో అడిగాకే అడ్వాన్సు ఇవ్వండి. "నంబరేముంది సార్, కొట్టించేద్దాం" అనేవాళ్లకి దండం పెట్టి వచ్చేయండి. నంబరు మళ్లీ కొట్టడం నేరం, పైగా ఆ బండికి చరిత్ర అక్కడితో చచ్చిపోతుంది.

2. విప్పడం

వారం రోజులు పానా ముట్టుకోకుండా ఫోటోలే తీయండి. వైర్లు ఏ రంధ్రంలోంచి పోతున్నాయి, బ్రేకు గొట్టం ఛాసీకి ఏ వైపున ఉంది, పట్టీ కింద వాషరు ఎన్ని పొరలు, అన్నీ. తర్వాత ఒక్కో భాగం విప్పగానే దాని బోల్టులు దాని సంచిలో, సంచి మీద చీటీ. మన ఉస్తాద్‌లకి ఈ పని చిరాకు. "అన్నీ నా బుర్రలో ఉన్నాయి సార్" అంటారు. ఉంటాయి, నిజమే. మూడు నెలలకి ఆయన ఇంకో షెడ్డుకి మారిపోతే బుర్ర కూడా ఆయనతోనే పోతుంది.

ఎడమవైపు చక్రాల నట్లకు ఎడమ మర ఉంటుంది, మామూలుకు ఎదురుగా తిప్పితేనే వదులవుతుంది. తెలియక పైపు తగిలించి ఇద్దరు నిలబడి తొక్కితే స్టడ్డు విరుగుతుంది. నా బండికి రెండు అలాగే విరిగాయి, తొక్కినవాళ్లలో నేనూ ఉన్నాను.

కొన్ని జీపులకు రెండు సగాలను నట్లతో కలిపి బిగించిన కంబాట్ రిమ్ములుంటాయి. వాటి లోపలి నట్ల వరస విప్పేముందు ట్యూబులోని గాలి మొత్తం తీసేయాలి, వాల్వు పిన్ను కూడా పీకేయాలి. గాలి ఉండగా విప్పితే రిమ్ము సగం లేచి మనిషిని చంపుతుంది. పంక్చరు షాపులో ఈ రిమ్ము ఎప్పుడూ చూడని కుర్రాడికి అప్పగించి టీకి వెళ్లకండి.

బ్రేకు డ్రమ్ములు విప్పాక దుమ్మును గాలి గన్నుతో ఊదొద్దు, పాత లైనింగుల్లో ఆస్‌బెస్టాస్ ఉంటుంది. తడి గుడ్డతో తుడిచి పారేయండి. పాత రంగులో సీసం ఉంటుంది కాబట్టి ఉప్పుకాగితం పని కూడా తడిపే చేయాలి, మాస్కు పెట్టుకోవాలి.

అన్నిటికీ ఒకటే సూత్రం: పాడైన భాగమైనా కొత్తది వచ్చి బిగిసేదాకా పారేయొద్దు. తుప్పుపట్టి సగం పోయిన బ్రాకెట్టే కొత్త బ్రాకెట్టుకు నమూనా.

3. మూడు జాబితాలు

విప్పిన సామాను నేల మీద పరిచాక పుస్తకాలు దగ్గర పెట్టుకోండి. అమెరికా సైన్యం 1944లో వేసిన టీఎం 9-803 నిర్వహణ మాన్యువల్, ఇంజిన్‌కు టీఎం 9-1803ఏ, గేర్లకూ బాడీకీ టీఎం 9-1803బీ, విడిభాగాల జాబితా ఎస్‌ఎన్‌ఎల్ జీ-503. ఇవన్నీ స్కాన్ కాపీలుగా దొరుకుతాయి. ప్రింటు తీయించి స్పైరల్ కట్టించి షెడ్డులోనే పెట్టండి. గ్రీజు మరకలు పడితే పడనివ్వండి.

అందులో భాగాల నంబర్లు చదవడం నేర్చుకుంటే సగం పని అయినట్టే. ఫోర్డు భాగాల ముందు జీపీడబ్ల్యూ అని ఉంటుంది, తర్వాతి అంకె చోటు చెబుతుంది. 6000ల్లో ఉంటే ఇంజిన్, 7000ల్లో గేరుబాక్సు, 9000ల్లో పెట్రోలు వ్యవస్థ, 10000ల్లో డైనమో, 11000ల్లో సెల్ఫ్, 12000ల్లో ఇగ్నిషన్. ఫోర్డు అన్ని బండ్లకూ వాడిన లెక్కే ఇది. "జీపు కార్బొరేటర్ కావాలి" అని అడిగితే పది రకాలు చూపిస్తారు. "కార్టర్ డబ్ల్యూఓ 539ఎస్" అని అడిగితే ఉందనో లేదనో చెబుతారు.

ఇప్పుడు మూడు జాబితాలు రాయండి. బాగుచేసి అదే బిగించేవి, మార్చక తప్పనివి, అసలు మన బండిలో లేనివి. మొదటి జాబితా ఎంత పెద్దదైతే అంత మంచిది. సొట్ట పడినా సరే అసలు మట్గార్డు, తళతళలాడే నకలు మట్గార్డు కంటే మేలని నా లెక్క. సొట్ట తీయొచ్చు. నకలు రేకులో ఎనభై ఏళ్ల నాటి అచ్చు మాత్రం ఎలా తెస్తాం?

4. విడిభాగాల వేట

ఇక్కడే కాలమూ డబ్బూ ఖర్చయ్యేది, సరదా కూడా ఇక్కడే.

మొదట ఇంటి దగ్గర. బేరింగులు, ఆయిల్ సీళ్లు రాణిగంజ్‌లో నంబరు చెబితే దొరుకుతాయి. అసలు నంబరు చెరిగిపోయి ఉంటే లోపలి వ్యాసం, బయటి వ్యాసం, మందం కొలిచి తీసుకెళ్లండి. విజయవాడ ఆటోనగర్‌లో కమాను పట్టీలు కట్టేవాళ్లు, రేడియేటర్‌కి కొత్త కోరు వేసేవాళ్లు, గేర్లు విప్పి పరిచే పాత చేతులు ఇంకా ఉన్నాయి. అక్కడ కౌంటర్లో అడిగితే "లేదండి" అంటారు. వెనక గోడౌన్లో కూర్చునే పెద్దాయన దగ్గరికి పాత ముక్క పట్టుకెళ్లి చేతిలో పెట్టాలి. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఇది మా నాన్న అమ్మేవాడయ్యా" అంటే మీ పని అయినట్టే.

తర్వాత చెన్నై పుదుపేట, ఢిల్లీ మాయాపురి. జీపులు విప్పి కట్టే పనికి పేరున్న హర్యానాలోని మండి డబ్‌వాలీ కూడా. అక్కడ దొరికేదంతా ఎక్కువగా మహీంద్రా సామానే, అందుకే ఏది సరిపోతుందో ఏది సరిపోదో ముందే తెలిసుండాలి. మహీంద్రా 1949లో బొంబాయిలో విల్లీస్ జీపుల్ని బిగించడం మొదలుపెట్టింది. తొలి సివిల్ జీపుల ఇంజిన్ యుద్ధం నాటి ఎల్134 వంశమే. సీజే3బీలోది వాల్వులు మారిన ఎఫ్134, అయినా కింది సగం అదే కుటుంబం. మెయిన్ బేరింగులు, కనెక్టింగ్ రాడ్ బేరింగులు కలుస్తాయి. హెడ్డు, వాల్వులు, మానిఫోల్డు కలవవు. యుద్ధం జీపులో టైమింగ్ చైను ఉంటుంది, తర్వాతి ఇంజిన్లలో గేర్లు వచ్చాయి.

గేరుబాక్సు యుద్ధం జీపుది టీ-84, సివిల్ జీపుది టీ-90. టీ-90 గట్టిది, బిగుస్తుంది కూడా, అందుకే ఇక్కడి జీపుల్లో సగానికి అదే కనిపిస్తుంది. ముందు వెనక చక్రాలకు శక్తిని పంచే ట్రాన్స్‌ఫర్ కేసు రెండిటికీ స్పైసర్ 18 అయినా లోపలి ఇంటర్మీడియట్ షాఫ్టు యుద్ధం జీపులో ముప్పావు అంగుళం, తర్వాతివాటిలో అంగుళం దాటి లావైంది. పేరు ఒకటే కదా అని గేరు కొనుక్కొస్తే షాఫ్టు ఎక్కదు.

బోల్టుల సంగతి వేరే చెప్పాలి. జీపు మొత్తం అంగుళాల మర. మన బజార్లో ఉన్నదంతా మిల్లీమీటర్ల మర. 5/16 రంధ్రంలో 8 మిల్లీమీటర్ల బోల్టు రెండు చుట్లు చక్కగా ఎక్కుతుంది, మూడో చుట్టుకి బిగుస్తుంది, ఉస్తాద్ "టైట్ అయింది సార్" అంటాడు. టైట్ కాలేదు, మర పోయింది. మర గేజి ఒకటి జేబులో పెట్టుకోండి. ఎఫ్ బోల్టులు డబ్బాలో ఉన్నాయి కదా, వైరు బ్రష్షు పట్టించి ఫాస్ఫేటు పూత వేయిస్తే మళ్లీ వందేళ్లు ఉంటాయి.

విదేశాల్లో మూడు దారులు. అమెరికాలోనూ యూరప్‌లోనూ యుద్ధం నాటి కొత్త సామాను ఇప్పటికీ మైనపు కాగితంలో, గ్రీజు ముద్దలో చుట్టి దొరుకుతుంది. అందులో ఇనుప భాగాలు బంగారమే, డీజిల్‌లో నానబెడితే గ్రీజు కరిగిపోతుంది. కానీ రబ్బరు ఎంత కొత్తగా కనిపించినా కొనొద్దు. ఎనభై ఏళ్ల బ్రేకు హోసు అద్దాల అలమరాలో పెట్టుకోవడానికి పనికొస్తుంది, బండిలో బిగించడానికి కాదు. రెండో దారి ఫ్రాన్సు. హాచ్‌కిస్ కంపెనీ 1955 నుంచి 1966 దాకా లైసెన్సు మీద ఎం201 పేరుతో దాదాపు ఇదే జీపును కట్టింది, దాని సామాను చాలావరకు మనకు సరిపోతుంది. కరెంటు మాత్రం 24 వోల్టులు, కాబట్టి డైనమో, సెల్ఫ్ ముట్టుకోవద్దు. మూడోది ఫిలిప్పీన్స్. అక్కడి ఎండీ జువాన్ కంపెనీ రేకు బాడీ మొత్తం కొత్తగా తయారుచేస్తుంది. మీ బాడీ నిజంగా జల్లెడైపోతేనే అటు చూడండి.

తెప్పించేటప్పుడు రెండు జాగ్రత్తలు. వాడేసిన సామాను దిగుమతికి ఆంక్షలున్నాయి. వాడనిదైతే ఇన్‌వాయిస్‌లో ఆ మాట రాయించుకోండి, పెద్ద సరుకైతే ముందే కస్టమ్స్ ఏజెంటును అడగండి. చిన్న సామాను మనవాళ్లు అమెరికా నుంచి వచ్చేటప్పుడు తెస్తారు. మా బావమరిది ఆవకాయ జాడీ తీసుకెళ్లిన సూట్‌కేసులో కార్బొరేటర్ కిట్టు తెచ్చాడు. అయితే పెట్రోలు తాకిన పంపు గానీ కార్బొరేటర్ గానీ ఎవరి చేతా తెప్పించకండి, ఆ వాసనకే విమానాశ్రయంలో ఆపేస్తారు.

నకిలీల గురించి ఒక్క మాట. డాష్‌బోర్డు మీది పలకలు, ఎఫ్ బోల్టులు కూడా ఇప్పుడు కొత్తగా తయారవుతున్నాయి. వాడుకోవడం తప్పు కాదు. కొత్త పలక మీద పాత తేదీ గుద్ది "ఒరిజినల్" అని అమ్మితేనే మోసం.

5. ఛాసీ, రేకు పని

ఛాసీని ఖాళీ చేసి, సమంగా ఉన్న గచ్చు మీద నాలుగు దిమ్మల మీద పెట్టి, మూలల నుంచి మూలలకి టేపు పట్టండి. రెండు కొలతలూ కలవాలి. స్టీరింగ్ బాక్సు బిగించే చోట, కమాన్ల బ్రాకెట్ల చుట్టూ పగుళ్లు వెతకండి. పగులు చివర చిన్న రంధ్రం వేసి ఆపి, తర్వాత వెల్డింగు.

బాడీ నేల కింద టోపీ ఆకారపు పట్టీలుంటాయి, వాటిలోపల ఫ్యాక్టరీవాళ్లు చెక్క పెట్టారు. వాన నీళ్లు అందులో నిలిచి, చెక్క కుళ్లి, నేల లోపలి నుంచి తినేస్తుంది. పైకి బాగున్నట్టే ఉంటుంది. స్క్రూడ్రైవర్ కొసతో పొడిచి చూడండి, దిగిపోతే ఆ పట్టీ మార్చాల్సిందే.

చిన్న భాగాల తుప్పుకు నాకు నచ్చిన వైద్యం పశువుల దాణాలో కలిపే మొలాసిస్. ఒక వంతుకి తొమ్మిది వంతుల నీళ్లు కలిపి, ప్లాస్టిక్ డ్రమ్ములో వారం పది రోజులు నానబెట్టి, పైపు నీళ్లతో కడిగితే ఇనుము బూడిద రంగులో శుభ్రంగా బయటికొస్తుంది. ఒక్క పొర మంచి లోహం కూడా పోదు. వాసన మాత్రం వీధి చివర దాకా. కార్బొరేటర్ లాంటి ఇనుము కాని భాగాలు అందులో వేయకండి. మొలాసిస్ దొరక్క నల్లబెల్లం బస్తా కొనబోతే, గుడుంబాకా అన్నట్టు చూస్తారు, జీపుకి అని చెప్పినా నమ్మరు.

పెద్ద రేకులకు బ్లాస్టింగు (ఇసుకను ఒత్తిడితో కొట్టి తుప్పు వదిలించడం) చేయిస్తే పక్కన నిలబడండి. నా బానెట్‌ను ఒక షాపులో ఛాసీకి పెట్టిన ఒత్తిడితోనే కొట్టేశారు. ఆ దెబ్బకి రేకు సాగి అప్పడంలా ఉబ్బింది. దాన్ని మళ్లీ దారికి తేవడానికి టింకరింగ్ మేస్త్రీకి పదకొండు రోజులు పట్టింది.

6. ఇంజిన్

ఎల్134 నాలుగు సిలిండర్ల సైడ్ వాల్వు ఇంజిన్, 2,199 సీసీ, 4,000 చుట్ల దగ్గర 60 గుర్రాలు. మొండిది. ఏళ్ల తరబడి నిలబడిపోయి ఉంటే సెల్ఫ్ కొట్టకండి. ప్లగ్గులు తీసి, డీజిల్‌లో గేరు ఆయిల్ కలిపి ఒక్కో సిలిండర్‌లో పోసి, నాలుగైదు రోజులు వదిలి, ముందు నుంచి హ్యాండిల్ పెట్టి చేత్తో మెల్లగా అటూ ఇటూ ఆడించండి. కదిలాక ఆగి చూడాల్సింది వాల్వులు. పిస్టన్ తిరిగినా వాల్వు గైడులో ఇరుక్కుని పైనే ఉండిపోతుంది.

ఇంజిన్ తిరిగే స్థితిలో ఉంటే కంప్రెషన్ గేజి పెట్టండి. ఆరోగ్యంగా ఉన్న ఇంజిన్ 110 పీఎస్ఐ దరిదాపుల్లో చూపిస్తుంది. నాలుగూ 90 చూపిస్తే నాకు భయం లేదు. మూడు 100, ఒకటి 60 చూపిస్తేనే హెడ్డు విప్పుతాను.

బోరింగ్ విషయంలో నేను కట్టిన జరిమానా చెబుతాను. అసలు బోరు 3.125 అంగుళాలు. పిస్టన్లు 20, 30, 40 థౌ (అంగుళంలో వెయ్యో వంతు ఒక థౌ) పెద్ద సైజుల్లో వస్తాయి. నేను 30 థౌ పిస్టన్లకు ఆర్డరు పెట్టి, అవి వచ్చేలోగా బ్లాకు శుభ్రం చేసి ఉంచమని ఒక లేతు షాపులో ఇచ్చాను. వాళ్లు నాకు మేలు చేద్దామని, గీతలన్నీ పోవాలని, 40కి కోసేసి పెట్టారు. వచ్చిన పిస్టన్లు ఇప్పటికీ అటక మీదున్నాయి. పిస్టన్లు చేతికొచ్చాక, వాటిని మైక్రోమీటర్‌తో కొలిచాక, ఆ కొలతకే బోరు. పిస్టన్‌కీ గోడకీ మధ్య 3 థౌ ఫీలర్ పట్టీ కొంచెం బిగువుగా జారాలి.

బిగించేటప్పుడు కావాల్సిన అంకెలు గోడ మీద చాక్‌పీసుతో రాసి పెట్టుకోండి. మెయిన్ బేరింగు బోల్టులు 65 నుంచి 70 ఫుట్ పౌండ్లు, కనెక్టింగ్ రాడ్లు 50 నుంచి 55, హెడ్డు బోల్టులు 65 నుంచి 75, మధ్య నుంచి బయటికి రెండు మూడు విడతల్లో. చల్లగా ఉన్నప్పుడు టాపెట్ సందు 14 థౌ. డెల్కోలో, అంటే డిస్ట్రిబ్యూటర్‌లో, పాయింట్ల సందు 20 థౌ, ప్లగ్గు సందు 30 థౌ. ఫైరింగ్ వరస 1-3-4-2.

ఇప్పటి పెట్రోలులో ఇథనాల్ 20 శాతం దాకా ఉంటుంది. పాత రకం రబ్బరు పైపులూ, పంపు డయాఫ్రమూ దానికి ఉబ్బి చీలిపోతాయి. ఇథనాల్‌కు తట్టుకునే రకమే కొనండి, రెండు నెలలు నడపరనుకుంటే కార్బొరేటర్ గిన్నె ఖాళీ చేయండి.

డీజిల్ ఇంజిన్ వేసి ఉన్న జీపు చవగ్గా దొరికితే? మన ప్రాంతంలో చాలావాటికి ప్యుజో డీజిల్ కూర్చోబెట్టారు. మౌంటింగుల కోసం ఛాసీ ఎంత కోశారో చూసి ధర మాట్లాడండి. దీనికి కాగితాల వైపు నుంచి ఇంకో చిక్కుంది, కింద చెబుతాను.

7. యాక్సిల్ లెక్క

దీన్ని దాటేసినవాళ్లు గేర్లు పగలగొట్టుకుంటారు. యుద్ధం జీపు యాక్సిల్ లోపలి గేర్ల జత, అంటే క్రౌన్-పినియన్, 39కి 8 పళ్లు, అంటే 4.88. సివిల్ జీపుది 43కి 8, అంటే 5.38. ఎప్పుడో ఎవరో వెనక హౌసింగు మహీంద్రాది వేసి ఉంటే, ముందూ వెనకా లెక్క కలవదు. ఫోర్ వీల్ వేయనంతకాలం ఏమీ తెలియదు. గట్టి నేల మీద వేసిన రోజు ట్రాన్స్‌ఫర్ కేసు మూలుగుతుంది.

పరీక్ష సులువు. ఒక్క వెనక చక్రాన్ని మాత్రం జాకీతో లేపి, రెండోది నేల మీదే ఉంచి, గేరు న్యూట్రల్‌లో పెట్టి, ప్రొపెల్లర్ షాఫ్టు మీద చాక్‌పీసు గీత గీయండి. బండి కదలకుండా మిగతా చక్రాలకి ఇటుకలు మరవొద్దు. లేపిన చక్రాన్ని సరిగ్గా రెండు చుట్లు తిప్పండి. షాఫ్టు ఐదుకు కాస్త తక్కువ తిరిగితే 4.88. ఐదు దాటి ఇంకో మూడో వంతు పైన తిరిగితే 5.38. ముందు యాక్సిల్‌కీ ఇలాగే చూడండి. ఫ్రీవీల్ హబ్బులు తగిలించి ఉంటే లాక్ చేయండి.

8. బ్రేకులు, కరెంటు

బ్రేకు వ్యవస్థ ఒకటే లైను, ఎక్కడ కారినా నాలుగు చక్రాలకీ పోతాయి. కాబట్టి ఇక్కడ పాతది ఏదీ ఉంచొద్దు: సిలిండర్ కప్పులు, హోసులు, గొట్టాలు అన్నీ కొత్తవి.

కరెంటు 6 వోల్టులు, నెగటివ్ ఎర్తు. అందరూ 12కి మార్చమంటారు. నేను మార్చలేదు. 6 వోల్టుల సెల్ఫ్ ఈడ్చుకుంటూ తిరగడానికి కారణం వోల్టులు కాదు, 12 వోల్టుల కార్ల కోసం తయారైన సన్న కేబుళ్లు, రంగు మీద బిగించిన ఎర్తులు. వేలంత లావు కేబుల్ వేయండి, ఎర్తు బిగించే చోట ఇనుము మెరిసేదాకా గీకండి. సెల్ఫ్ తిరిగే తీరు చూసి మీరే ఆశ్చర్యపోతారు. బ్యాటరీని పాత బ్యాటరీ షాపుల్లో ఆర్డరు మీద కట్టించుకోవాలి.

9. రంగు, కాగితాలు

రంగు దగ్గర అసలు రూపమూ చట్టమూ ఎదురుపడతాయి. కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు 1989లోని 121వ నిబంధన ప్రకారం రక్షణ శాఖ బండ్లకు తప్ప ఇంకెవరికీ ఆలివ్ గ్రీన్ వాడకూడదు. జీపు ఫ్యాక్టరీలోంచి వచ్చింది మెరుపు లేని ఆలివ్ డ్రాబ్‌లో. రెండూ వేరే షేడ్లని మనం వాదించొచ్చు గానీ రోడ్డు మీద ఆపిన ఎస్సైగారి దగ్గర షేడ్ కార్డు ఉండదు. నేను దొడ్డిదారి వెతక్కుండా చరిత్రలోనే ఇంకో దారి వెతికాను. అమెరికా నౌకాదళం తన జీపుల్ని బూడిద రంగులో నడిపింది. నా జీపు ఇప్పుడు ఆ రంగులో ఉంది, ఆర్సీలో కూడా అదే రాయించాను. ఏ రంగైనా మెరుపు వద్దు. పుట్టీ పూసి అద్దంలా చేయించిన జీపు పెళ్లి బండిలా ఉంటుంది. సైన్యం బాణం గుర్తు నంబరు ప్లేటు సరదాకైనా తగిలించకండి.

2021 జులైలో వింటేజ్ బండ్లకు ప్రత్యేక రిజిస్ట్రేషన్ నిబంధనలు వచ్చాయి. మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటి ఉండాలి, ఛాసీలో, బాడీలో, ఇంజిన్‌లో పెద్ద మార్పులు చేసి ఉండకూడదు. డీజిల్ జీపు చిక్కు ఇదే. కేంద్ర రవాణా శాఖ పరివాహన్ పోర్టల్‌లో ఫారం 20తో, బీమాతో, పాత ఆర్సీతో దరఖాస్తు. కొత్త రిజిస్ట్రేషన్‌కు రూ. 20,000, ఆ తర్వాత మళ్లీ చేయించుకోవడానికి రూ. 5,000, చెల్లుబాటు పదేళ్లు. నంబరులో రాష్ట్రం అక్షరాల తర్వాత వీఏ అని వస్తుంది. ఎడమ స్టీరింగ్ బండికి మలుపు సిగ్నళ్లు పనిచేస్తూ ఉండటం మోటారు వాహనాల చట్టం 120వ సెక్షన్ ప్రకారం తప్పనిసరి.

మొదటి 500 కిలోమీటర్లు గంటకు 50 దాటించకండి. ఆ తర్వాత ఇంజిన్ ఆయిల్ మార్చి, హెడ్డు బోల్టులు మళ్లీ బిగువు చూడండి. చక్రాల నట్లు మాత్రం మొదటి రోజు సాయంత్రమే చూడండి, ఎడమవైపువి ఎటు తిప్పాలో గుర్తుంచుకుని.

వింటేజ్ నంబరున్న బండిని రోజువారీ పనులకు తిప్పకూడదు. ప్రదర్శనలకీ, ర్యాలీలకీ, రిపేరుకీ, పెట్రోలు పోయించుకోవడానికీ మాత్రం రోడ్డెక్కొచ్చని నిబంధనలోనే ఉంది. నా జీపుకి ప్రతి ఆదివారం పొద్దున్నే పెట్రోలు అయిపోతుంది. మంచి బంకు కాస్త దూరం.